నీటి మీద వేలాడిన చీరలు

1954. కలకత్తా. న్యూయార్క్ నుంచి వచ్చిన మన్రో వీలర్ బట్టలూ నగలూ వెతుక్కుంటూ తిరుగుతున్నారు. అక్కడి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఎగ్జిబిషన్లూ పుస్తకాల ప్రచురణా ఆయన చేతుల మీదే నడుస్తాయి. వచ్చే వసంతానికి భారతీయ వస్త్రాలతో, ఆభరణాలతో పెద్ద ప్రదర్శన పెట్టాలి. దానికి సరుకు కావాలి, సరుకు ఎక్కడుందో చెప్పే మనుషులు కావాలి. ఆ వెతుకులాటలో ఒక పొడుగాటి బెంగాలీ యువకుడు ఆయనకు కొన్ని ఫొటోలు చూపించాడు. ఓ పల్లెటూరు, ఓ పేద కుటుంబం. డబ్బుల్లేక సగంలో ఆగిపోయిన సినిమా తాలూకు ఫొటోలవి. ఆ యువకుడు ఓ ప్రకటనల కంపెనీలో ఆర్టిస్టు. సినిమా తీయడం కోసం ఇంట్లో భార్య నగలు కూడా కుదువ పెట్టేశాడు.

నగల కోసం వచ్చిన మనిషికి, నగలు పోగొట్టుకున్న మనిషి ఎదురయ్యాడు.

వీలర్ ఫొటోలు చూశారు. ఈ సినిమా పూర్తి చేయండి, మా ప్రదర్శనలో భాగంగా వేస్తాం అన్నారు. ఏడాది గడువు. ఆ యువకుడి పేరు సత్యజిత్ రాయ్. సినిమా ‘పథేర్ పాంచాలి’. ఒక బట్టల ఎగ్జిబిషన్ కథలో ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. ఆ ప్రదర్శన ఏం చేసిందని ఎవరైనా అడిగితే, గోడల మీద ఏముందో చెబితే సరిపోదు. దాని చుట్టూ ఏమేం కదిలాయో కూడా చెప్పాలి.

*

కాలం ఎలాంటిదో ఒకసారి చూద్దాం. అమెరికా 1954లో పాకిస్తాన్‌తో సైనిక సహాయ ఒప్పందం చేసుకుంది. ఢిల్లీకి అది ముల్లులా గుచ్చుకుంది. ఏ కూటమిలోనూ చేరనని నెహ్రూ అంటున్నారు, అది వాషింగ్టన్‌కు రుచించడం లేదు. ఇలాంటి సమయంలో రెండు దేశాల మధ్యా చీరలు రాకపోకలు సాగించాయి.

ఇటు మన దగ్గర మగ్గం కష్టాల్లో ఉంది. 1950ల మొదట్లో మద్రాసు రాష్ట్రంలో నేసిన గుడ్డ గుట్టలు పడి, కొనే నాథుడు లేక నేత కుటుంబాలు పస్తులున్నాయి. చీరలూ పంచెలూ చేనేతకే వదిలేయాలని రాజాజీ పట్టుబట్టారు. తెలుగు జిల్లాల్లో ప్రగడ కోటయ్య వంటి నాయకులు నేతగాళ్ల గోడు వినిపిస్తున్న రోజులవి. 1952లో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డునూ, హస్తకళల బోర్డునూ పెట్టింది. మరుసటి ఏడాది చట్టం తెచ్చి మిల్లు గుడ్డ మీద గజానికి మూడు పైలు (పాత లెక్కలో అణాలో పన్నెండో వంతు ఒక పై) పన్ను వేసి, ఆ డబ్బును ఖాదీకీ చేనేతకీ మళ్లించింది. హస్తకళల బోర్డుకు కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వం. చేనేత వైపు పని నెత్తికెత్తుకున్న మనిషి పుపుల్ జయకర్. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. మగ్గం బతకాలంటే దయ సరిపోదు, కొనేవాళ్ల కంటికి అది అందంగా ఆనాలి అన్నది ఆమె నమ్మకం. న్యూయార్క్ ప్రదర్శన ఆ నమ్మకానికి వచ్చిన పెద్ద అవకాశం.

అటు నుంచి ఎంపికలో చేయి వేసిన మనిషి ఎడ్గార్ కాఫ్‌మన్ జూనియర్. వాళ్లది పిట్స్‌బర్గ్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపిన కుటుంబం. జలపాతం మీద ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ప్రఖ్యాత ఇల్లు వాళ్లదే. ‘గుడ్ డిజైన్’ పేరుతో ఇంటి సామాన్ల ప్రదర్శనలు అదే మ్యూజియంలో పెట్టిన అనుభవం ఆయనకుంది. పాతవి, అపురూపమైనవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వంటి మ్యూజియంల నుంచి ఎరువు తెచ్చుకోవాలి. అక్కడ భారతీయ వస్త్రాల చరిత్రను ఆమూలాగ్రం తవ్వుతున్న జాన్ ఇర్విన్ ఉన్నారు. తర్వాత 1956లో వచ్చిన ప్రదర్శన పుస్తకంలో చరిత్ర ఆయన రాశారు, మరో వ్యాసం జయకర్ రాశారు, సంపాదకుడు వీలర్.

సరుకు దొరికింది. ఇక అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఆ సరుకును చూపించడం ఎలా?

*

బట్టను చూపించడం బొమ్మను చూపించినంత తేలిక కాదు. బొమ్మకు చట్రం ఉంటుంది, గోడకు తగిలిస్తే దాని పని అది చేసుకుంటుంది. చీరకు చట్రం లేదు. కుట్టు లేదు, బొత్తాం లేదు, పైదీ కిందదీ అనే తేడా కూడా కట్టుకున్నప్పుడే తేలుతుంది. కుచ్చిళ్లు పెడితే అంచు ఒక గీత అవుతుంది. భుజం మీద వేస్తే కొంగు బయటపడుతుంది. నడిస్తే బుటాలు కదులుతాయి. నేతగాడు పడుగు మీద పేక వేస్తున్నప్పుడే ఆ కదలికను లెక్కలోకి తీసుకుంటాడు. ఎక్కడ దట్టంగా నేయాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నది ఒంటి మీద పడే తీరును బట్టి ఉంటుంది. అలాంటి బట్టను నాలుగు మడతలు పెట్టి గాజుపెట్టెలో పెడితే మనకు కనిపించేది నూలు మాత్రమే. చీర కనిపించదు.

పైగా పాత బట్ట మొండిది. జరీ బరువు ఎక్కువ. నిలువునా వేలాడదీస్తే తన బరువుకు తానే చిరుగుతుంది. మడతల మీద అలాగే ఉంచితే మడత వెంట చిట్లుతుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పట్టుచీరలు బయటికి తీసి మడత మార్చి పెట్టేది అందుకే. మ్యూజియంలు గొట్టాలకు చుట్టి దాచేదీ అందుకే. వెలుతురు మరీ ప్రమాదం. ఇవాళ మ్యూజియంలు పాత వస్త్రాల మీద సుమారు 50 లక్స్ మించి వెలుతురు పడనివ్వవు. పడిన వెలుతురు లెక్క తిరిగి రాదు, పోయిన రంగు కూడా తిరిగి రాదు. చూపించాలంటే వెలుగు కావాలి, కాపాడాలంటే చీకటి కావాలి. వస్త్ర ప్రదర్శన పెట్టే ప్రతివాళ్లూ ఈ రెండింటి మధ్యే నలుగుతారు.

ఈ చిక్కును అలెగ్జాండర్ జిరార్డ్ చేతిలో పెట్టారు. న్యూయార్క్‌లో పుట్టి, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పెరిగిన ఆర్కిటెక్ట్ ఆయన. 1952 నుంచి హెర్మన్ మిల్లర్ ఫర్నిచర్ కంపెనీలో బట్టల విభాగానికి అధిపతి. మరుసటి ఏడాది న్యూ మెక్సికోలోని శాంటా ఫే చేరి అక్కడే స్థిరపడ్డారు. ప్రపంచం నలుమూలల నుంచీ జానపద బొమ్మలు పోగుచేయడం ఆయనకు తీరని దాహం. తర్వాతి కాలంలో శాంటా ఫే మ్యూజియంకు ఆయన ఇచ్చిన సేకరణలో లక్షకు పైగా వస్తువులున్నాయి. ఒక్క బొమ్మను ఒంటరిగా నిలబెట్టి చూపడం ఆయనకు నచ్చదు. బొమ్మలన్నీ ఒక ఊరిలా, ఒక తిరునాళ్లలా గుమిగూడి ఉండాలి. ఆ మనసే భారతీయ వస్త్రాల మీద కూడా పనిచేసింది.

మాన్‌హట్టన్‌లో 53వ వీధిలోని ఆ మ్యూజియం అప్పటికి తెల్లగోడలకు పేరుమోసింది. అనవసరమైనది ఒక్కటీ లేకుండా, వస్తువుకు చుట్టూ ఖాళీ వదిలి చూపడం అక్కడి పద్ధతి. జిరార్డ్ ఆ పద్ధతి పక్కన పెట్టారు. లోపల ఒక ఊహాలోకపు బజారు కట్టారు. బంగారు పూత పూసిన స్తంభాలు నిలబెట్టారు. సుమారు 50 అడుగుల పొడవున నీటి మడుగు చేశారు. గోడకు అద్దం. ఆ నీటికి పైన, గాలిలో, చీరలు. ఒకటి కాదు, రెండు కాదు, వరసలు వరసలుగా. మనిషి అడుగు ముందుకేస్తే తల మీద కొంగు, కాళ్ల దగ్గర నీటిలో అదే కొంగు, ఎదుట అద్దంలో మళ్లీ అదే.

పని జరిగిన ఆ రాత్రులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవడం కష్టం కాదు. నిచ్చెనల మీద వడ్రంగులు, కింద పెట్టెలు విప్పుతున్న మ్యూజియం సిబ్బంది. ఒక్కో పెట్టెలోంచి పలచని కాగితం పొరలు తీసేకొద్దీ ఒక్కో రంగు బయటికొస్తుంది. చేతులు శుభ్రంగా ఉండాలి, వేలికి ఉంగరం ఉండకూడదు. ఒక్క దారప్పోగు తగులుకుంటే చాలు, పేక లాగేస్తుంది. కింద నీరు, పైన ఎరువు తెచ్చిన పట్టు. దేనికి ఎంత ఎత్తు, దేని పక్కన ఏ రంగు, ఎటు నుంచి దీపం అన్నదాని మీద జిరార్డ్ ఒక్కరే కాదు, చీరలు ఎరువిచ్చినవాళ్లు కూడా నిద్రపోయి ఉండరు.

నీటి మడుగు దగ్గర నేను కాసేపు ఆగాలి. దాన్ని అలంకారం అనుకున్నవాళ్లు ఉండొచ్చు. మన వైపు నుంచి చూస్తే అది బట్ట పుట్టిన చోటు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నల్లటి నీళ్లతో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక పూస్తారు. తర్వాత స్వర్ణముఖి పారే నీటిలో జాడిస్తారు. నిలవ నీటిలో పటిక పక్కకు పాకి రంగు చెదిరిపోతుంది, అందుకే పారే నీరే కావాలి. బందరులో, పెడనలో చెక్క అచ్చులతో అద్దేవాళ్లకు కాలవ గట్లు కావాలి. ఒకప్పుడు అక్కడి ఎరుపుకు పేరు తెచ్చింది చిరివేరు. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి యూరప్ ఇళ్లలో పరుపుల మీదికీ, తెరల మీదికీ చేరిన ఆ అద్దకాలే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ సేకరణకు గర్వకారణాల్లో ఒకటి. బట్టను నీటి మీద వేలాడదీసిన జిరార్డ్‌కు ఈ సంగతులు ఎంతవరకు తెలుసో గానీ, ఆయన చేయి మాత్రం సరైన చోటే పడింది.

*

1955 ఏప్రిల్‌లో తలుపులు తెరిచారు. సెప్టెంబర్ 25 దాకా అవి తెరిచే ఉన్నాయి.

అదే ఏప్రిల్‌లో, 18 నుంచి 24 దాకా, ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశం జరిగింది. నెహ్రూ అక్కడ ఉన్నారు. అదే మ్యూజియంలో అప్పటికే ఎడ్వర్డ్ స్టైకెన్ సమకూర్చిన ‘ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ఫొటో ప్రదర్శన నడుస్తోంది. 68 దేశాల నుంచి 503 ఫొటోలు, మే 8 దాకా. అంటే కొన్ని వారాల పాటు ఒకే టికెట్టు పట్టుకున్న న్యూయార్క్ మనిషికి ఒక గదిలో ప్రపంచపు ముఖాలు కనిపిస్తే, ఇంకో గదిలో ఆ ముఖాల్లో కొన్ని కట్టుకునే బట్టలు కనిపించాయి. యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాలేదు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలు పేదరికపు వార్తల్లో తప్ప కనబడని కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

వీలర్ అక్కడితో ఆగలేదు. బట్టలు మూగవి కాకూడదనుకున్నారు. సరోద్ పట్టుకుని అలీ అక్బర్ ఖాన్ వచ్చారు, తబలాతో చతుర్ లాల్ వచ్చారు. వాళ్లను శ్రోతలకు పరిచయం చేసినది వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్. ఖాన్ సాహెబ్‌కు అది తొలి అమెరికా ప్రయాణం. ఆ పర్యటనలోనే ఆయన రెండు రాగాలతో ఒక లాంగ్‌ప్లే రికార్డు చేశారు. హిందుస్తానీ సంగీతానికి పాశ్చాత్య దేశాల్లో అలాంటి రికార్డు అదే మొదటిదని చెబుతారు. నాట్యానికి శాంతారావు వచ్చారు. నర్తకి ఒంటి మీద కుచ్చిళ్లు విచ్చుకుని ముడుచుకుంటుంటే, పక్క హాలులో వేలాడుతున్న చీరలకు అర్థం ఏమిటో చూపరులకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక వస్త్ర ప్రదర్శనకు ఇంతకంటే మంచి వివరణ పలక నాకు తెలియదు.

కలకత్తాలో మాత్రం గడువు మెడ మీదికి వచ్చింది. ఆగిపోయిన సినిమాను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పూనుకున్నారు. పేరులో దారి ఉంది కదా అని డబ్బు రోడ్ల బాగు పద్దులో రాశారని చెప్పుకుంటారు. మధ్యలో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ కలకత్తా వస్తే, కొంత ముక్క చూసి గొప్పగా ఉందని వీలర్‌కు కబురు చేశారు. రవిశంకర్ ఒక్క రాత్రి కూర్చుని సంగీతం పూర్తి చేశారు. రాయ్, ఎడిటర్ దులాల్ దత్తా చివరి రోజుల్లో పగలూ రాత్రీ తేడా లేకుండా బల్ల దగ్గరే ఉండిపోయారు. ఇంగ్లీషు అక్షరాలు వేసే తీరిక కూడా లేకుండా ప్రింటు విమానం ఎక్కింది.

1955 మే 3. అదే మ్యూజియంలో సినిమా వేశారు. ఆ భాష ఒక్క ముక్క తెలియని జనం చివరిదాకా కూర్చున్నారు. కలకత్తా జనం ఆ సినిమా చూసింది ఆ తర్వాత, ఆగస్టు 26న. భారతీయ సినిమా చరిత్ర మలుపు తిరిగిన ఆ సాయంత్రం ఓ చీరల ఎగ్జిబిషన్ కార్యక్రమాల పట్టీలో ఒక పంక్తి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

*

ఆ హాలులోకి కెమెరా పట్టుకుని వచ్చిన మనిషి చార్లెస్ ఈమ్స్. ఆయనా, భార్య రే ఈమ్స్ కుర్చీల డిజైనుకు అప్పటికే పేరుపడ్డవాళ్లు, జిరార్డ్‌కు మిత్రులు. ప్రదర్శన మీద వాళ్లు పన్నెండు నిమిషాలకు కాస్త తక్కువ నిడివిగల చిన్న సినిమా చేశారు. బట్టల అల్లికా, లోహపు మెరుపూ, నీటి మీద నీడా తెర నిండా నింపేసే సినిమా అది. వెనక సరోద్, తబలా. మాటలు, గొంతు పుపుల్ జయకర్‌వి. స్తంభాలు విప్పేశాక, చీరలు పెట్టెల్లోకి వెళ్లిపోయాక, జిరార్డ్ కట్టిన బజారు ఎలా ఉండేదో ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే ఆ పన్నెండు నిమిషాల చలవే. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటికి ఈమ్స్ దంపతులు భారతదేశంలో అడుగు పెట్టలేదు.

ఈమ్స్‌కూ జయకర్‌కూ పరిచయం కుదిరింది ఆ ప్రదర్శన దగ్గరే. ఆ పరిచయం మూడేళ్లకు ఫలించింది. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో భారత ప్రభుత్వం ఈమ్స్ దంపతులను పిలిపించింది. వాళ్లు దేశం తిరిగి 1958 ఏప్రిల్‌లో ‘ఇండియా రిపోర్ట్’ ఇచ్చారు. అందులో వాళ్లు మన చెంబును మెచ్చుకుంటూ రాసిన పేజీలు డిజైన్ చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ చదువుతాడు. ఆ నివేదిక పునాదిగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది. తర్వాత పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి మగ్గాల దగ్గరికి నోటుపుస్తకాలతో వచ్చి కూర్చున్న డిజైన్ విద్యార్థుల తరానికి దారి వేసినవాటిలో అదీ ఒకటి.

ఇంత చెప్పాక, ఆ ప్రదర్శన మీద నాకున్న ఒక బాధ కూడా చెప్పాలి. అది బజారు, కానీ అమ్మేవాడు లేడు. బంగారు స్తంభాలు, అద్దం, నీరు, గాలిలో పట్టు. అది మహారాజుల భారతం, కలల భారతం. అదే ఏడాది ఈ దేశంలో నూలు అప్పు తీర్చలేక మగ్గం అమ్ముకున్న ఇళ్లున్నాయి. శతాబ్దాల నాటి బట్ట మీద నేసినవాడి పేరు ఎలాగూ ఉండదు, ఎరువిచ్చిన మ్యూజియం పేరు ఉంటుంది. ఆ అందం అబద్ధమని నేను అనను. ఎరుపును ఎరుపుగా, పలచదనాన్ని పలచదనంగా చూడటం ఎలాగో జిరార్డ్ న్యూయార్క్‌కు నేర్పారు. అయితే ఆ ఎరుపు ఇంకా వేయగలిగిన మనిషి అప్పుడు బతికే ఉన్నాడు. అతను ఆ హాలులో లేడు.

ఈ లోటు జయకర్‌కు కూడా తెలిసే ఉండాలి. ఎందుకంటే తర్వాతి ముప్పై ఏళ్లూ ఆమె చేసిన పని దాదాపు ఆ లోటు పూడ్చడమే. 1950ల రెండో సగంలో వీవర్స్ సర్వీస్ సెంటర్లు మొదలయ్యాయి. చిత్రకారులను మగ్గం పక్కన కూర్చోబెట్టిన కేంద్రాలవి. మనకు హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నాయి. శ్రీకాళహస్తిలో కమలాదేవి చొరవతో 1950ల చివర్లో శిక్షణ కేంద్రం పెట్టారు. కలంకారీ చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలిన సమయంలో జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ కొత్తవాళ్లకు కలం పట్టడం నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

1982లో బ్రిటన్‌లో భారత ఉత్సవం జరిగింది. దాని వెనకా జయకరే. లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో ‘మాస్టర్ వీవర్స్’ పేరుతో మరో వస్త్ర ప్రదర్శన పెట్టారు. దాన్ని నడిపించింది మార్తాండ్ సింగ్. ఈసారి లండన్ మ్యూజియం నుంచి చీరలు ఎరువు తెచ్చుకోవడం అసలు ఉద్దేశం కాదు. పాత నమూనాలను, కొన్నిచోట్ల వాటి ఫొటోలను, దేశమంతటా సర్వీస్ సెంటర్ల ద్వారా నేతగాళ్ల ముందు, అద్దకంవాళ్ల ముందు పెట్టారు. మీ తాతలు చేసిన పని ఇది, మళ్లీ చేయగలరా అని అడిగారు. మరచిపోయిన అల్లికలు విప్పి చూసి, రంగులు మళ్లీ కాచి, అచ్చులు మళ్లీ చెక్కించి, వాళ్లు కొత్తగా నేసి, కొత్తగా అద్ది పంపారు. విశ్వకర్మ పేరుతో ఆ వరసలో 1980లంతా మరిన్ని ప్రదర్శనలు వచ్చాయి. అక్కడ వేలాడిన ప్రతి గుడ్డ వెనకా ఏదో ఒక ఊళ్లో, ఇంకో పది గజాలు కావాలంటే నేసి ఇవ్వగల మనిషి ఉన్నాడు.